చీపురుకర్ర, రబ్బరుబంతి: ఒక వీధియాట చరిత్ర

చరిత్ర యనగానే రాజులు, యుద్ధములు, శాసనములు మనకు స్ఫురించును. పిల్లల ఆటలకును చరిత్ర కలదు. అందు నగరముల పెరుగుదల యంతయు ప్రతిఫలించును. అమెరికాలోని న్యూయార్కు నగరమున బాలురు ఆడుకొనిన ‘స్టిక్‌బాల్’ ఇందుకు మంచి నిదర్శనము.

బంతియాటకును వీధికిని గల తగవు చాల పాతది. 1791లో మసాచుసెట్సు రాష్ట్రమందలి పిట్స్‌ఫీల్డు పట్టణమువారు, క్రొత్త ప్రార్థనామందిరపు కిటికీ అద్దములు పగులకుండుటకై, దానికి 80 గజముల లోపున బంతియాటలు ఆడరాదని కట్టడి చేసిరి. ఆ నిషేధపు జాబితాలో క్రికెట్టుతోపాటు బేస్‌బాల్ పేరును కలదు. 1845లో న్యూయార్కు నికర్‌బాకర్ సంఘమువారు బేస్‌బాలునకు నియమములు వ్రాసికొనిరి. కాని మన్‌హటన్ దీవిలో ఖాళీస్థలము కరవగుచుండుటచే హడ్సన్ నది దాటి హొబోకెన్ మైదానమునకు పోయి ఆడుచుండిరి. పెద్దలు నది దాటగలిగిరి. ఇరువదవ శతాబ్దిలో ఇరుకు వాటాలలో పెరిగిన పేదబాలురకు మాత్రము ఇంటిముందరి వీధియే మైదానమైనది. ఇటలీ, ఐర్లండు, తూర్పు యూరపు, ప్యూర్టోరికోలనుండి వలసవచ్చిన కుటుంబముల పిల్లలు, నల్లజాతి పిల్లలు ఈ ఆటను తమదిగా చేసికొనిరి.

ఆడు విధానము సులభము. చీపురు ఊడదీసిన కర్రయే బ్యాటు. బంతి గులాబిరంగు రబ్బరుది. స్పాల్డింగు కంపెనీ పేరును పిల్లలు తమ యాసలో ‘స్పాల్డీన్’ అని మార్చి దానికి పెట్టిరి. నడివీధిలోని మురుగుకాలువ ఇనుపమూత కొట్టువాని స్థానము. తరువాతి మూత రెండవ బేసు. నడుమ ఒకప్రక్క నిలిపిన కారును, వేరొకప్రక్క మంటలార్పు కుళాయిని మొదటి, మూడవ బేసులుగా ఎన్నుకొందురు. బంతి వేయువాడు దానిని ఒకమారు నేలకు తాకించి పంపును. వేయువాడు లేనిచో కొట్టువాడే బంతిని ఎగురవేసికొని కొట్టును. బంతిని నేల తాకకముందే పట్టినచో కొట్టినవాడు ఔటు. అతడు బేసు చేరకముందే బంతి అచటికి చేరినను ఔటే. బేసులన్నియు చుట్టివచ్చినచో ఒక పరుగు. మూడు ఔట్లయిన పిదప జట్లు వంతు మార్చుకొనును. బంతి మేడపైకి పోయినచో పలువీధులలో అది ఔటుక్రిందనే లెక్క. ఏ వీధి ధర్మశాస్త్రము ఆ వీధిదే. కొట్టిన బంతి ఎన్ని మూతల దూరము పోయినదో దానినిబట్టి ఆటగాని కీర్తిని కొలుచుచుండిరి.

1951లో న్యూయార్కు జెయంట్స్ జట్టున చేరిన విల్లీ మేస్, ఆ జట్టు మైదానమునకు చేరువనున్న హార్లెము వీధులలో పిల్లలతో కలిసి ఈ ఆట నాడెను. వేలాది ప్రేక్షకుల జేజేలందుకొను వీరుడు తమ చీపురుకర్ర పట్టుటకంటె ఆ బాలురకు గౌరవమేమి కావలెను? 1957 తరువాత ఆ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలిపోయెను.

ఈ ఆటకు శత్రువులు ఇద్దరు: పోలీసులు, మోటారుకారు. పోలీసులు వచ్చి కర్రలు లాగికొనిపోవుట అచటి పిల్లలకు పరిపాటి. ఐనను 1914లో పోలీసు కమిషనరు ఆర్థర్ వుడ్స్ కొన్ని వీధులలో బండ్లను కొన్ని గంటలు ఆపించి, వాటిని పిల్లల ఆటకు విడిపించిన సంగతియు మరువరాదు. పోలీసులతో చెలిమి సాధ్యమైనది. కారుతో సాధ్యము కాలేదు. ఒకటి రెండు కార్లున్నప్పుడు అవి బేసులుగా పనికివచ్చెను. వీధికి ఇరుప్రక్కల వరుసలు తీరి నిలిచి, నడుమ ఎడతెగక తిరుగ నారంభించిన పిదప ఆటకు చోటు కరవాయెను. 1979లో ఆ గులాబిబంతి అంగళ్ళనుండి తొలగిపోయి, 1999లో మరల వచ్చినది. బంతిని కంపెనీ తిరిగి చేయగలిగెను. ఖాళీవీధిని ఎవరు తిరిగి చేయగలరు?

బ్రాంక్సు ప్రాంతమున ‘స్టిక్‌బాల్ బులవార్డు’ అను పేరుగల వీధి నేటికిని కలదు. ఒక ఆటకు వీధి పేరు దక్కుట సంతోషమే. కాని ఆ పిల్లలు కోరినది వీధికి పేరు కాదు, వీధిలో చోటు. బిళ్ళంగోడు ఆడిన వీధులు మన ఊళ్ళలోను వాహనములతో నిండిపోవుచున్నవి గనుక, ఈ దూరదేశపు కథ మనకును ఆలోచింపదగినదే.