కదిలే కప్పు మీద సూర్యుడి కరెంటు

బాంబే బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తన తొలి లైనును 1860 ఫిబ్రవరి 10న తెరిచింది. అంకలేశ్వర్ నుంచి సూరత్ పొలిమేరలోని ఉత్రాన్ వరకు, మొత్తం 29 మైళ్లు. నర్మదకూ తాపీకీ నడుమ పారే కిమ్ నది, దాని పేరే పెట్టుకున్న కిమ్ ఊరు ఆ దారిలోనే ఉన్నాయి. ఆ కాలపు రైలు బోగీల్లో రాత్రిపూట వెలుతురు కావాలంటే కప్పుకు గుండ్రంగా కన్నం కోసి, మనిషి పైకెక్కి, వెలిగించిన నూనె దీపాన్ని అందులోంచి కిందికి దించేవాడు. బండి కప్పుకూ దీపానికీ సంబంధం అలా మొదలైంది. కన్నం పడ్డ కప్పులోంచి వాన కారడమూ ఆనాటి నుంచే ఉంది. ఇవాళ వ్యాను కప్పు మీద సోలార్ ప్యానెల్ బిగించేవాడికీ ఆ బెంగ తప్పలేదు.

నూనె దీపం తర్వాత గ్యాసు దీపం వచ్చింది. అసలు మార్పు తెచ్చింది ఇరుసుకు కట్టిన డైనమో. 1890ల్లో ఇంగ్లండులో స్టోన్ కంపెనీ దీన్ని వాడకంలోకి తెచ్చింది: చక్రం తిరుగుతుంటే బెల్టు డైనమోను తిప్పుతుంది, డైనమో బ్యాటరీని నింపుతుంది, బండి ఆగినప్పుడు బ్యాటరీ దీపాన్ని నిలుపుతుంది. మన దేశంలో బోగీలన్నింటికీ కరెంటు దీపాలు పెట్టిన మొదటి సంస్థగా 1902లో జోధ్‌పూర్ రైల్వే పేరు తెచ్చుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ 24 వోల్టుల ఏర్పాటు 110 వోల్టులకు పెరిగింది, డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చింది. ఏసీ లేని బోగీకి 4.5 కిలోవాట్ల ఆల్టర్నేటరు, 120 ఆంపియర్-అవర్ బ్యాటరీ ప్రమాణమయ్యాయి. వీటిని చూసుకునేవాళ్లను రైల్వేలో టీఎల్ సిబ్బంది అంటారు, అంటే ట్రెయిన్ లైటింగ్. కదిలే బండిలో కరెంటుకు మూడు కావాలని నేర్పింది ఈ ఏర్పాటే: పుట్టించేది, దాచేది, ఆ రెంటి మధ్య అదుపు చేసేది. సోలార్ వచ్చి మార్చింది మొదటిదాన్ని మాత్రమే. మిగతా రెండూ అలాగే ఉన్నాయి, పేచీలన్నీ ఇప్పటికీ వాటి దగ్గరే.

ఆల్టర్నేటర్‌కు ఒక లోపం ఉంది. బండి కొంత వేగం అందుకుంటే గాని అది కరెంటు పుట్టించదు. కొండ దారిలో నెమ్మదిగా పాకే బండికీ, స్టేషన్లలో గంటలు గంటలు నిలిచే పాసింజరుకూ బ్యాటరీ నిండదు. పైగా అది తీసుకునే శక్తి ఇంజను లాగుడులోంచే పోతుంది, ఆ మేరకు డీజిలు ఎక్కువ కాలుతుంది. బోగీ కప్పు మీదికి సూర్యుణ్ణి పిలవాలన్న ఆలోచనకు మూలం ఇదే.

సోలార్ సెల్ ఆ సరికే పుట్టి ఉంది. 1954 ఏప్రిల్ 25న అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు, ఎండలో దాదాపు ఆరు శాతాన్ని కరెంటుగా మార్చే సిలికాన్ సెల్‌ను లోకానికి చూపారు. ఆరేళ్లకే అది బండెక్కింది. 1960లో చార్లెస్ ఎస్కోఫెరీ 1912 నాటి బేకర్ ఎలక్ట్రిక్ కారు కప్పు మీద 10,640 సెల్స్ పరిచిన పెద్ద పలకను బిగించి తిప్పాడు. అది ప్రదర్శనకే పనికొచ్చింది, ఎందుకంటే సెల్ ధర ఉపగ్రహాలు చేసేవాళ్లకు తప్ప మరెవరికీ అందేది కాదు. 1970ల మొదట్లో ఎలియట్ బెర్మన్ నాసిరకం సిలికాన్‌తోనూ సెల్స్ చేయవచ్చని చూపి, వాట్ ధరను 100 డాలర్ల నుంచి 20 డాలర్ల దాకా దించాడు. సముద్రంలో చమురు బావుల దగ్గరి హెచ్చరిక దీపాలకూ, రైలు సిగ్నళ్లకూ, కరెంటు తీగ చేరని ఇళ్లకూ, ఆ వెంటనే అమెరికా, ఆస్ట్రేలియాల్లోని కేరవాన్లకూ ప్యానెళ్లు ఎక్కాయి.

ఆ రోజుల్లో స్థిరపడిన ఒక కొలత బండి కప్పు మీద ప్యానెళ్లు బిగించే వృత్తిని ముప్ఫై ఏళ్లకు పైగా నడిపించింది. ఒక్కో సిలికాన్ సెల్ పని చేసేటప్పుడు సుమారు అర వోల్టు ఇస్తుంది. కారు బ్యాటరీకి 12 వోల్టులని పేరే గాని, పూర్తిగా నిండాలంటే 14.4 వోల్టుల దాకా నెట్టాలి. ఎండ వేడికి సెల్ వోల్టేజి పడిపోతుంది, తీగలో కొంత పోతుంది. ఇవన్నీ లెక్క వేసి 36 సెల్స్‌ను వరసగా కలిపితే 18 వోల్టుల దగ్గర వస్తుంది, ఆ తరుగులన్నీ పోగా బ్యాటరీకి సరిపోతుంది. అందుకే ‘12 వోల్టుల ప్యానెల్’ అంటే 36 సెల్స్ ప్యానెల్ అని అర్థం. ఇలాంటివాటికి రెండో ప్యానెల్ చేర్చడం తేలిక: ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపితే చాలు. నడుమ ఉండే సాదా రెగ్యులేటరు బ్యాటరీ నిండగానే కరెంటు ఆపేస్తుంది. కేరవాన్ కప్పు మీద ‘ఇంకొకటి తగిలిద్దాం’ అనే అలవాటు ఈ సులువులోంచే పుట్టింది.

మన దేశంలో కేరవాన్ అనే బండి చాలాకాలం పెద్దగా లేదు. తెలుగువాళ్లు దగ్గరగా చూసిన తొలి నివాస వాహనం చైతన్య రథం అనవచ్చు. 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టిన ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, కుమారుడు హరికృష్ణ నడపగా, రాష్ట్రమంతా నెలల తరబడి అందులోనే తిరిగారు. తిండీ నిద్రా బండితోనే, రోడ్డు పక్కనే. దాని కప్పు ఉపన్యాస వేదిక. అప్పటికి సౌర విద్యుత్తు ఇక్కడ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ వంటి ప్రభుత్వ సంస్థల ప్రయోగాల్లోనే ఉంది. హైదరాబాద్‌లో ప్రీమియర్ సోలార్ మొదలయ్యేది 1995లో గాని కాదు.

కదిలే కప్పు మీద సోలార్‌ను మన దేశంలో గట్టిగా పరీక్షించింది రైల్వేనే. ముందుగా కాంగ్రా లోయ, కాల్కా-శిమ్లా నారోగేజ్ బోగీల మీద చిన్న ప్యానెళ్లు పెట్టారు. కొండ దారుల్లో ఆల్టర్నేటర్ తేలిపోయే చోట్లు అవి. 2015లో రేవాడీ-సీతాపూర్ పాసింజరులోని ఏసీ లేని బోగీ మీద 12 ప్యానెళ్లు బిగిస్తే రోజుకు 17 యూనిట్ల దాకా వచ్చింది. ఒక బోగీలో లైట్లూ ఫ్యాన్లూ నడపడానికి అది చిన్న సంగతి కాదు. 2017 జులై 14న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ స్టేషన్లో అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు సోలార్ డెమూను, అంటే కప్పు మీద ప్యానెళ్లున్న డీజిల్ రైలును ప్రారంభించారు. చెన్నై ఐసీఎఫ్‌లో తయారైన ఆ బోగీల్లో ఆరింటి మీద, ఒక్కోదానికి 16 చొప్పున 300 వాట్ల ప్యానెళ్లు ఉన్నాయి. అంటే బోగీకి 4.8 కిలోవాట్లు, పాత ఆల్టర్నేటర్ సత్తాకు దాదాపు సమానం. ఏడాదికి రైలుకు 21 వేల లీటర్ల డీజిలు మిగులుతుందని రైల్వే లెక్క కట్టింది. అదే ఏడాది జనవరిలో కేరళలోని వైకోం దగ్గర ‘ఆదిత్య’ అనే సోలార్ పడవ 75 మందిని ఎక్కించుకుని తిరగడం మొదలుపెట్టింది. పడవకు ప్యానెళ్లు బాగా అమరాయి: కప్పు విశాలం, వేగం తక్కువ, పైన చెట్టు నీడ లేదు.

రైలులో మాత్రం ఈ ప్రయత్నం విస్తరించలేదు. అది విఫలం కావడం వల్ల కాదు, దాని అవసరం తీరిపోవడం వల్ల. పైన 25 వేల వోల్టుల తీగ ఉన్న లైన్లో బోగీలకు కావలసిన కరెంటును ఇంజనే తీగ నుంచి దించి వెనక్కి పంపగలదు. దీన్ని హెడ్ ఆన్ జనరేషన్ అంటారు. కిమ్ మీదుగా పోయే ముంబయి-అహ్మదాబాద్ మార్గం 1970ల్లోనే విద్యుదీకరణ అయింది. వరంగల్, ఖమ్మం జిల్లాల నుంచి సూరత్ మగ్గాలకు పోయే తెలుగు నేత కార్మికులను తరాలుగా మోస్తున్న నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ దాటి అహ్మదాబాద్ వైపు పోయేది ఆ తీగ కిందనే. అలాంటి తీగ కింద కప్పెక్కి ప్యానెల్ తుడవడం ప్రాణాంతకం కూడా. దేశంలో బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా విద్యుదీకరణ అయ్యాక బోగీ మీది సోలార్ రెండు కాలాల నడుమ వంతెనలా మిగిలింది. ఆ విద్య ఇప్పుడు రోడ్డు బండ్లకు పనికొస్తోంది. 2021లో మహారాష్ట్ర, కేరళ కేరవాన్ పర్యాటక విధానాలు ప్రకటించాయి.

ఈలోగా కిమ్ చుట్టుపక్కలే ప్యానెళ్ల తయారీ పెద్దదైంది. గుజరాత్ 2009లో సౌర విధానం తెచ్చింది, 2012లో చారణ్కా సోలార్ పార్కు తెరుచుకుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి దిగుమతి ప్యానెళ్ల మీద కేంద్రం 40 శాతం సుంకం వేసింది. జరీ, చీరలు, వజ్రాల కోతకు పేరుపడ్డ సూరత్ జిల్లాలో ఇప్పుడు పీపోదరాలో గోల్డీ సోలార్, కిమ్-మాండ్వీ రోడ్డు మీద కరంజ్‌లో రేజాన్ సోలార్ కర్మాగారాలున్నాయి. మరికాస్త దక్షిణాన చిఖ్లీలో వారీ సంస్థది ఇంకా పెద్దది. వీళ్లు చేసేది డాబాలకూ, సోలార్ పార్కులకూ. బండి కప్పుకని కాదు. చిక్కు అక్కడే వచ్చింది.

ఇవాళ మార్కెట్లో చవకగా దొరికే ప్యానెల్ 540, 550 వాట్లది. పొడవు రెండుంపావు మీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు మీటరు పైన, బరువు 28 కిలోల దగ్గర. సగానికి కోసిన 144 సెల్స్ ఉంటాయి. పని చేసే వోల్టేజి సుమారు 41, కరెంటు 13 ఆంపియర్లు. ఏమీ తగిలించకుండా ఎండలో పెడితే 50 వోల్టుల దాకా చూపిస్తుంది. దీన్ని తెచ్చి, కప్పు మీద ముందే ఉన్న 100 వాట్ల పాత 36 సెల్స్ ప్యానెల్ పక్కన బిగించి, పాత పద్ధతిలో ప్లస్సుకు ప్లస్సు కలిపితే ఏమవుతుంది? సాదా రెగ్యులేటరు ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజి దగ్గరకు లాగేస్తుంది. 13 ఆంపియర్లను 13 వోల్టులతో గుణిస్తే వచ్చేది 169 వాట్లు. కొన్నది 550 వాట్లు, చేతికి అందేది మూడో వంతులోపే. పోనీ రెండింటినీ వరసగా కలిపితే, పాతదాని అయిదున్నర ఆంపియర్లే కొత్తదానికీ హద్దవుతాయి. 12 వోల్టులకని చేసిన చిన్న రెగ్యులేటరయితే 50 వోల్టులకు కాలిపోవచ్చు కూడా.

దీనికి విరుగుడు 1980ల్లోనే ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చింది: ఎంపీపీటీ కంట్రోలరు. ప్యానెల్‌ను దానికి నప్పే వోల్టేజి దగ్గరే నడిపించి, ఆ శక్తిని బ్యాటరీకి కావలసిన వోల్టేజికి దించి, తగ్గిన వోల్టుల బదులు ఆంపియర్లు పెంచి ఇస్తుంది. రకం వేరైన ప్యానెల్‌ను చేర్చేటప్పుడు దానికి వేరే ఎంపీపీటీ పెట్టి, రెండు కంట్రోలర్లనూ ఒకే బ్యాటరీకి చేర్చడమే సరైన దారి. ఖర్చని ఇక్కడ వెనకాడేవాళ్లే ఎక్కువ. ప్యానెల్ ధర పడిపోయిన ఈ కాలంలో ఆ పొదుపులో అర్థం లేదు.

తీగ దగ్గర కూడా లెక్క కావాలి. కంట్రోలరు నుంచి బ్యాటరీకి 5 మీటర్లుంటే పోనూ రానూ 10 మీటర్ల రాగి తీగ. అందులో 10 ఆంపియర్లు పారితే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో దాదాపు 0.7 వోల్టు పోతుంది, 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.43 వోల్టు. ఇంట్లో 230 వోల్టుల దగ్గర ఆ ముప్పావు వోల్టును ఎవరూ పట్టించుకోరు. 12 వోల్టుల దగ్గర అది దాదాపు ఆరు శాతం, బ్యాటరీ ఏనాటికీ పూర్తిగా నిండకుండా చేయడానికి అంత చాలు. ప్యానెల్ పెంచి పాత తీగనే ఉంచితే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది, తీగ వేడెక్కుతుంది. బ్యాటరీ ప్లస్సుకు పక్కనే ఫ్యూజు లేకపోతే ఒక్క షార్టు చాలు, మంటలు రేగడానికి. 2000ల మొదట్లో వచ్చిన ఎంసీ4 కనెక్టర్లు వాన నీటిని బాగానే ఆపుతాయి. కానీ వాటి లోపలి పిన్నును సరైన క్రింపింగ్ పనిముట్టుతో బిగించాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కి వదిలేస్తే కొన్ని నెలల కుదుపులకే అతుకు వదులై కాలుతుంది.

కప్పు మీద బిగింపుకు రెండు దారులున్నాయి. కన్నాలు చేసి బోల్టు వేయడం ఒకటి, పాలీయూరిథేన్ జిగురుతో బ్రాకెట్లను అంటించడం రెండోది. తెలిసినవాళ్లు తరచు రెండూ కలిపి చేస్తారు: జిగురు వాననూ కంపాన్నీ చూసుకుంటుంది, బోల్టు గాలి ఎత్తివేతను చూసుకుంటుంది. ప్యానెల్ కింద కొన్ని అంగుళాల ఖాళీ ఉంచాలి. ప్రమాణ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం శక్తి తగ్గుతుంది. మే నెలలో సూరత్ ఎండకు ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే. కప్పుకు నేరుగా అంటించే వంగుడు ప్యానెళ్లు ఇంకా వేడెక్కి త్వరగా పాడవడానికి కారణమిదే. కప్పు మీది ఏసీ డబ్బా నీడ ప్యానెల్ ఒక మూల మీద పడినా, లోపలి బైపాస్ డయోడు ఆ వరస మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంది. పెద్ద ప్యానెల్‌లో మూడో వంతు, 36 సెల్స్‌దానిలో మామూలుగా సగం.

చివరిగా చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. దీన్ని ఖచ్చితంగా పాటించాలని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. మోటారు కేరవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణమూ ఉంది. ప్యానెల్ బండి ఎత్తునూ బరువునూ మారుస్తుంది. కాబట్టి కప్పు మీద మరో ప్యానెల్ చేర్చదలచినవారు డ్రిల్లు చేతబట్టే ముందు తమ ఆర్టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, జవాబును ఆర్సీతో పాటు బండిలో ఉంచుకోవాలి.