లారీ కాళ్ల మీద ఇల్లు

జాతీయ రహదారి మీద అప్పుడప్పుడూ బాడీ లేని లారీ ఎదురవుతుంది. క్యాబిన్ ఉండదు, తలుపులుండవు, ముందు అద్దం ఉండదు. రెండు పొడవాటి ఇనుప దూలాలు, ఇంజను, చక్రాలు, తలకు తువ్వాలు చుట్టుకుని చెక్క సీటు మీద కూర్చున్న డ్రైవరు, అంతే. ఫ్యాక్టరీ నుంచి చాసిస్ అలా బయటికొస్తుంది. దాన్ని విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి తీసుకెళ్లి యజమాని బాడీ కట్టించుకుంటాడు. చాసిస్ చేసేది ఒకరు, బాడీ కట్టేది ఇంకొకరు. మన లారీ యజమానులకు ఇది తరాలుగా తెలిసిన పద్ధతే.

అమెరికా రోడ్ల మీద తిరిగే మోటార్‌హోమ్ కూడా ఇలాగే పుడుతుంది. చాసిస్ ఒక కంపెనీది, దాని మీద కట్టే ఇల్లు మరో కంపెనీది. కాకపోతే ఇక్కడ చాసిస్ మీదికి ఎక్కేది సరుకు కాదు, కాపురం. మంచాలు, వంటగది, స్నానాల గది, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకులు, జనరేటరు అన్నీ ఎక్కుతాయి. బరువు మోయడానికి పుట్టిన కాళ్ల మీద సంసారాన్ని నిలబెట్టారు. ఆ కాళ్లకూ పైనున్న ఇంటికీ పొత్తు కుదర్చడానికి యజమానులూ మెకానిక్కులూ దశాబ్దాలుగా పడుతున్న శ్రమే మోటార్‌హోమ్ సస్పెన్షన్ మార్పుల చరిత్ర. ఆ పనికి వాళ్లు వాడే సామాన్లలో చాలావాటికి మోటార్‌హోమ్ కన్నా వయసెక్కువ. గుర్రబ్బళ్లు, తొలినాటి కార్లు, దూరప్రయాణపు బస్సులు వాటి పుట్టిళ్లు.

కమాన్ కథ

లీఫ్ స్ప్రింగును మన మెకానిక్కులు కమాన్ అంటారు. పారశీకంలో కమాన్ అంటే విల్లు. ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి, పొడవైనది పైన, పొట్టిది కింద వచ్చేలా పేర్చి నడుమ బిగించి కట్టిన విల్లే అది. ఇంగ్లండులో గుర్రబ్బళ్లు తయారుచేసే ఒబదయా ఇలియట్ 19వ శతాబ్దం తొలి ఏళ్లలో కోడిగుడ్డు ఆకారపు జంట కమాన్లకు పేటెంటు తీసుకున్నాడు. గుర్రం స్థానంలో ఇంజను వచ్చాక కూడా కమాన్ బండిని వదల్లేదు. కార్లు క్రమంగా దాన్ని విడిచిపెట్టినా లారీలు విడవలేదు.

విడవకపోవడానికి కారణం ఉంది. కమాన్ బరువు మోస్తుంది, ఇరుసును చాసిస్‌కు పట్టి ఉంచుతుంది, పట్టీల మధ్య రాపిడితో ఊపును కొంత తగ్గిస్తుంది. ఒక్క వస్తువు ఇన్ని పనులు చేస్తుంటే లారీ చేసేవాళ్లు దాన్ని ఎందుకు వదులుకుంటారు? కానీ నిండు బరువుకు సరిపోయేలా బిగించిన కమాన్, బరువు తక్కువున్నప్పుడు వంగదు. ఖాళీ లారీ గతుకుల్లో ఎగిరెగిరి పడేది అందుకే. మోటార్‌హోమ్‌లో కూర్చున్న కుటుంబానికి నడుం నొప్పి తెచ్చేదీ అదే.

ఇల్లు బండెక్కింది

1910లో పియర్స్ యారో కంపెనీ న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టూరింగ్ లాండో అనే కారును ప్రదర్శించింది. వెనక సీటు వాలిస్తే మంచం అయ్యేది. చేతులు కడుక్కునే తొట్టి మడతలోంచి బయటికొచ్చేది. డ్రైవరుతో మాట్లాడటానికి ఫోను కూడా ఉండేది. అది శ్రీమంతుల ముచ్చట.

మామూలు కుటుంబాల దగ్గరికి ఆలోచన చేరడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని బ్రౌన్ సిటీలో రేమండ్ ఫ్రాంక్ 1958లో తన ఇంటివాళ్ల విహారయాత్ర కోసం ఒక బండి కట్టుకున్నాడు. దాన్ని మోటార్ హోమ్ అన్నాడు. చూసినవాళ్లు మాకూ కావాలనడంతో 1960ల మొదట్లో డాడ్జ్ చాసిస్ మీద అమ్మకానికి కట్టడం మొదలుపెట్టాడు. 1966లో అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ వీటిని వరస ఉత్పత్తిలోకి తెచ్చి ధర బాగా తగ్గించింది. ఎంతగా పాకిందంటే, చాలామంది అమెరికన్ల నోట విన్నెబాగో అన్న మాటే మోటార్‌హోమ్‌కు మారుపేరైంది.

ఇన్ని ఇళ్లకు చాసిస్‌లు ఎక్కడివి? మొదట్లో ఎక్కువగా డాడ్జ్‌వి. తర్వాత షెవర్లే పీ-30, ఫోర్డ్ ఎఫ్-53. పీ-30 చాసిస్ మీదే ఊళ్లలో బ్రెడ్డు, పార్సిళ్లు పంచే వ్యాన్లు కూడా తిరిగేవి. నాలుగు వీధులు తిరిగి సాయంత్రానికి షెడ్డుకు చేరే బండి కాళ్లను, రోజుకు ఐదారువందల కిలోమీటర్లు కొండలూ ఎడారులూ దాటే ఇంటికి తగిలించారన్నమాట.

చక్రం పట్టిన చేతులకు తెలిసేది

గంటకు వంద కిలోమీటర్ల వేగంతో మోటార్‌హోమ్ పోతోందనుకుందాం. వెనకనుంచి పెద్ద ట్రక్కు దాటడానికి వస్తుంది. అది ముందుకు నెట్టుకొచ్చే గాలి అల మొదట మోటార్‌హోమ్ తోకకు తగులుతుంది. వెనక ఇరుసు దాటి రెండు మూడు మీటర్లు వేలాడే ఆ తోక పక్కకు జరిగితే ముక్కు ట్రక్కు వైపు తిరుగుతుంది. డ్రైవరు స్టీరింగును ఇటు తిప్పేలోపు ట్రక్కు పక్కకొస్తుంది, గాలి ఇప్పుడు ముక్కును అవతలికి తోస్తుంది. మళ్లీ అటు తిప్పాలి. ట్రక్కు వెళ్లిపోయాక కూడా ఇల్లంతా రెండు మూడు సార్లు ఊగి గానీ కుదుటపడదు. అల్మరాలో గిన్నెలు మోగుతాయి, వెనక పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు. ఇలాంటివి గంటకు పాతిక ఎదురైతే, నాలుగు గంటల తర్వాత ఆ డ్రైవరు భుజాల సంగతి చెప్పక్కర్లేదు. అలసిన డ్రైవరు చేతిలో ఇంటిల్లిపాదీ ఉన్నారన్నదే అసలు భయం.

తెరచాపలా చదునైన పక్క గోడలు, నేలకు ఎత్తులో ఉన్న బరువు, వెనక వేలాడే తోక దీనికి పైకి కనిపించే కారణాలు. కనిపించనివి బండి కింద ఉంటాయి. కమాన్ నిలువుగా ఎంత బిగువో పక్కకు అంత కాదు. దాన్ని చాసిస్‌కు కలిపే కొక్కేలు, రబ్బరు బుష్‌లు కాస్త అటూ ఇటూ జరగనిస్తాయి. పైగా ఇంట్లో బరువు ఎటూ సమంగా ఉండదు. వంద గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నిండితే ఒక్క మూలన సుమారు 380 కిలోలు చేరినట్టే.

ఒక్క కంపెనీ చేసి చూపింది

ఇల్లూ చాసిసూ కలిపి ఆలోచించిన పెద్ద కంపెనీ లేకపోలేదు. జనరల్ మోటార్స్ 1973లో తెచ్చిన జీఎంసీ మోటార్‌హోమ్‌కు అసలు లారీ చాసిస్సే లేదు. ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడో కారు ఇంజను ముందు చక్రాలనే తిప్పేది. వెనక్కి పోయే షాఫ్టు లేదు, ఒకవైపునుంచి ఇంకోవైపుకు పోయే వెనక ఇరుసు లేదు. కాబట్టి ఇంటి నేల బాగా కిందికి దిగింది. వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలు, ఆ రెంటి నడుమ అడ్డంగా ఒక గాలి తిత్తి. ముందు చక్రం గతుకులో ఎక్కితే ఆ తోపును తిత్తి వెనక చక్రంతో పంచుకునేది. 1978 దాకా దాదాపు 13,000 బళ్లు చేసి కంపెనీ ఆపేసింది. వాటిని ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. మిగతా లోకం మాత్రం లారీ చాసిస్ దగ్గరే ఉండిపోయింది. దిద్దుబాటు బాధ్యత యజమాని మీద పడింది.

గాలి తిత్తులు

దిద్దుబాట్లలో ఎక్కువమంది మొదట పట్టుకున్నది గాలినే. టైర్లు చేసే ఫైర్‌స్టోన్ కంపెనీ 1930లలోనే రబ్బరు తిత్తిలో గాలి నింపి స్ప్రింగుగా వాడే ప్రయోగాలు చేసింది. 1953, 54 సంవత్సరాల్లో జనరల్ మోటార్స్ బస్సుల్లోకి గాలి సస్పెన్షన్ వచ్చింది. రెండంతస్తుల సీట్లున్న గ్రేహౌండ్ సీనిక్రూయిజర్ వాటిలో పేరుమోసింది. మిషిగన్‌లోని లాన్సింగ్‌లో 1949లో మొదలైన ఎయిర్ లిఫ్ట్ కంపెనీ, బండికి ఉన్న స్ప్రింగును తీయకుండానే దానికి తోడుగా పెట్టుకునే తిత్తులు చేసింది. పీ-30 మోటార్‌హోమ్ చాసిస్‌కు ముందు చుట్ట స్ప్రింగుల లోపల ఇలాంటి తిత్తులు ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి.

ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య తిత్తి పెట్టి బరువును బట్టి గాలి నింపుతారు. ట్యాంకు ఉన్న పక్క కుంగితే ఆ పక్క ఎక్కువ నింపి బండిని సమం చేస్తారు. ఇక్కడ అనుభవం నేర్పిన మెళకువ ఒకటుంది. కుడి ఎడమ తిత్తులను ఒకే గొట్టంతో కలపకూడదు. కలిపితే, మలుపులో బరువు పడిన తిత్తిలోని గాలి రెండో తిత్తిలోకి పారిపోయి, వాలే బండిని ఇంకా వాల్చేస్తుంది. అందుకే ఏ పక్క గొట్టం ఆ పక్కదే.

ఊపును చంపే నూనె

షాక్ అబ్జార్బర్ అని పేరే గానీ దెబ్బను మింగేది స్ప్రింగు. దెబ్బ తిన్న స్ప్రింగు ఊగుతూ ఉండిపోకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. తొలినాటివి బిళ్లల రాపిడితో పనిచేసేవి. తర్వాత నూనె వచ్చింది. గొట్టంలో నూనె, అందులో సన్నని దారులున్న పిస్టను. బండి ఊగినప్పుడల్లా నూనె ఆ దారుల గుండా తోసుకుని పోవాలి, ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. మిషిగన్‌లోని మన్రో కంపెనీ 1926లో తన తొలి షాక్ అబ్జార్బర్‌ను అమ్మకానికి తెచ్చింది.

నూనెకు ఒక బలహీనత ఉంది. అదేపనిగా ఊగితే నురగ కడుతుంది. నురగ పట్టిన నూనె అడ్డుకోలేదు. ఫ్రాన్సుకు చెందిన క్రిస్టియన్ బూర్సియే ద కార్బోఁ దానికి విరుగుడుగా, ఒకే గొట్టంలో నూనె మీద గాఢమైన వాయు ఒత్తిడి ఉంచే పద్ధతి చెప్పాడు. జర్మనీ కంపెనీ బిల్‌స్టైన్ 1957లో మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి దాన్ని కార్లలోకి తెచ్చింది. డచ్చి కంపెనీ కోనిది మరో దారి. 1857లో గుర్రబ్బళ్ల సామాను చేస్తూ మొదలైన ఆ కుటుంబం 1932లో షాక్ అబ్జార్బర్లకు మారింది. చిన్న గతుకుల టకటకకు మెత్తగా, ఇల్లు మొత్తం ఊగే నెమ్మది ఊపుకు గట్టిగా స్పందించే దాని కొత్తరకం షాక్‌లు మోటార్‌హోమ్ యజమానులు ఇష్టంగా వేయించుకునేవి.

ఒక్క రంధ్రం లోపలికి

మలుపులో వాలడాన్ని ఆపే కడ్డీకి 1919లో కెనడాలోని ఫ్రెడరిక్టన్ వాసి స్టీఫెన్ కోల్మన్ పేటెంటు పొందాడు. కుడి ఎడమలను కలుపుతూ అడ్డంగా పోయే ఉక్కు కడ్డీ అది. రెండు కొసల్లో మోచేతుల్లా వంగి ఉంటుంది. రెండు పక్కలూ కలిసి లేస్తే కడ్డీ ఊరికే తిరుగుతుంది. ఒక పక్కే కుంగితే మెలిపడి, ఎదురుతిరిగి బండిని నిలబెడుతుంది. దళసరి కడ్డీ వేస్తే వాలు తగ్గుతుంది. మోటార్‌హోమ్ వాళ్లు డబ్బు పెట్టే పనుల్లో ఇది ముఖ్యమైనది.

అయితే 1999 తర్వాతి ఎఫ్-53 చాసిస్‌లో డబ్బు పెట్టనక్కర్లేని ఉపాయం ఒకటి దాగి ఉంది. కడ్డీ చేతి కొసన రెండు రంధ్రాలుంటాయి. ఫ్యాక్టరీ వాళ్లు బయటి రంధ్రంలో బోల్టు వేసి పంపుతారు. బండి కిందికి దూరి, బోల్టు ఊడదీసి, లంకెను లోపలి రంధ్రంలోకి మార్చి బిగిస్తే చాలు. చేతి పొడవు పదో వంతు తగ్గితే బిగువు దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. గంట పని, రెండు స్పానర్లు. మలుపులో ఇల్లు వాలే తీరు మారిపోతుంది.

పక్కకు జరిగే ఇరుసుకు మందు పారిస్ నుంచి వచ్చింది. పానార్ లెవాసోర్ కంపెనీ పేరుతో ప్రసిద్ధమైన పానార్ కడ్డీ, ఇరుసు ఒక కొసను చాసిస్ అవతలి పక్కకు కట్టేస్తుంది. స్టీరింగు తిప్పిన క్షణానికీ బండి కదిలిన క్షణానికీ మధ్య ఉండే ఆ తడబాటు దాంతో పోతుంది. ముందు టైరు పేలినా చక్రాలు అడ్డం తిరగకుండా నిలువరించే స్టీరింగ్ స్టెబిలైజర్లు తర్వాతి చేర్పు.

ముందు కాటా

వీటిలో ఏది వేయించినా బండి మోయదగిన బరువు ఒక్క కిలో కూడా పెరగదు. చాసిస్ తయారీదారు పలక మీద కొట్టిన అంకె అలాగే ఉంటుంది, ఎందుకంటే టైర్లు, బ్రేకులు, ఇరుసు మారలేదు. ఈ మాట మరచి తిత్తుల భరోసాతో సామాను నింపేవాళ్లు ప్రమాదాన్ని తమ వెంటే తీసుకెళుతున్నారు.

కాబట్టి స్పానరు పట్టే ముందు కాటా వేయించాలి. అమెరికా ట్రక్కు స్టాపుల్లో క్యాట్ స్కేల్ కాటాలు ఇరుసుల బరువు విడివిడిగా చూపిస్తాయి. నీళ్లు నింపి, బట్టలు సర్ది, కుటుంబమంతా ఎక్కాక తూచాలి. వీలుంటే ఒక్కో మూల విడిగా తూచే చోటికి వెళ్లాలి. ఆ బరువుకు తగ్గట్టు టైర్లలో గాలి పెట్టించి, వీల్ అలైన్‌మెంట్ చేయించి, ఒకసారి దూరప్రయాణం చేసి చూడాలి. సగం రోగం అక్కడే తగ్గిన బళ్లు చాలా ఉంటాయి. మిగిలిన దానికే విడిభాగాలు, అవీ ఒక్కొక్కటిగా.

చాసిస్ చేసినవాడికి పైన ఎలాంటి ఇల్లు వస్తుందో తెలియదు. ఇల్లు కట్టినవాడికి అందులోకి ఏ కాపురం దిగుతుందో తెలియదు. బియ్యం బస్తా ఏ అరలో పెడతారో, సైకిళ్లు ఎక్కడ కడతారో, ట్యాంకు ఎంత నింపి బయల్దేరతారో యజమానికే తెలుసు. ఎంత మంచి ఫ్యాక్టరీ అయినా తెలియని బరువుకు కాళ్లు సరిచేయలేదు. ఆ ఆఖరి సర్దుబాటు ఇంటివాడే చేయాలి. నాలుగు మూలల బరువు రాసి ఉన్న కాటా చీటీ చేతిలో పెట్టుకుని బండి కిందికి దూరినప్పుడే అది మొదలవుతుంది.