అరిజోనా ఎడారిలో కొమ్ము పురుగులు

జులై, ఆగస్టు వానల తర్వాత ఫీనిక్స్, టూసాన్ వైపు రోడ్లు దాటే గొంగళి పురుగులను అక్కడి మనవాళ్ళు చూసే ఉంటారు. ఇవి వైట్ లైన్డ్ స్ఫింక్స్ అనే చిమ్మట పిల్లలు. శాస్త్రీయ నామం హైలిస్ లీనియాటా. కొన్ని పచ్చగా, కొన్ని పసుపు చారలతో నల్లగా ఉన్నా జాతి ఒకటే. తోక దగ్గరి కొమ్ము కుట్టదు, విషమూ లేదు.

వీటి తిండి మనకు కొత్తది కాదు. పెరట్లో కలుపుగా మొలిచే గంగవాయిలి, అదే మనం పప్పులో వేసుకునే పావిలి కూర, వీటికి మహా ఇష్టం. మన అటికమామిడికి చుట్టాలైన చంద్రకాంత కుటుంబపు మొక్కలు, ఇసుకలో పూసే ఈవినింగ్ ప్రిమ్‌రోజ్, ద్రాక్ష ఆకు కూడా తింటాయి. టమాటా మొక్కను బోడి చేసేది ఎక్కువగా వీటి దాయాది, పొగాకు హార్న్‌వర్మ్. టొహొనో ఓఒధమ్ ఆదివాసులైతే ఈ పురుగులనే ఏరి వండుకు తినేవారు.

కడుపు నిండాక పురుగు మట్టిలో దూరి ప్యూపా అవుతుంది. బయటికొచ్చిన చిమ్మట రెక్కలు చాస్తే సుమారు 3 అంగుళాలు. సందెవేళ హమ్మింగ్ బర్డ్‌లా గాలిలో నిలిచి తేనె తాగుతూ ప్రిమ్‌రోజ్ పూలకు పుప్పొడి చేరుస్తుంది. పురుగు కనబడగానే మందు కొడితే ఆ పూలకూ నష్టమే. పెరటి గంగవాయిలి వండుకునేవారు అసలే కొట్టకూడదు. నాలుగు కొమ్మలు వాటికి వదిలేస్తే సరి.