రెండొందల నలభై తొమ్మిదో పేరు

2014 మే 10, శనివారం సాయంత్రం. సెయింట్ లూయిస్‌లో మా అపార్ట్‌మెంట్ హాల్లో టీవీ నడుస్తోంది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. తెర మీద కొండలాంటి నల్లజాతి కుర్రాడొకడు ఫోను చెవికి ఆనించుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఎవరైనా పోయారా బాబూ?" అన్నారావిడ.

"లేదత్తయ్యా, ఉద్యోగం వచ్చింది."

ఫోను పెట్టేసి ఆ కుర్రాడు పక్కనున్న అబ్బాయిని కౌగిలించుకుని ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఒకరి ముఖానికొకరు కేకు పూసుకున్నారు. మా హాల్లో కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. అత్తగారి చేతిలో చిక్కుడుకాయలు మామూలుకంటే వేగంగా తెగాయి. మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన కళ్లు కింద పోతున్న అంకె మీదే ఉన్నాయి. "249వ ర్యాంకుకా ఈ హడావుడంతా?" అన్నారు.

ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. అసలు జవాబు చెప్పాలంటే ఈ దేశపు చరిత్ర కొంత చెప్పాలి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, ఎదుటివాడి మీదపడి కూల్చే ఆట. పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్, అందులో 32 జట్లు. కాలేజీల్లో ఆడి పేరు తెచ్చుకున్న కుర్రాళ్లను ఈ జట్లు ఏటా వసంతంలో పంచుకుంటాయి. దాని పేరు డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలంలా ఇక్కడ డబ్బు పాట ఉండదు. చిన్నప్పుడు వీధిలో కబడ్డీకి ఇద్దరు నాయకులు నిలబడి "నాకు వాడు, నీకు వీడు" అని ఏరుకునేవాళ్లు చూడండి, అచ్చం అదే. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టు ముందు కోరుకుంటుంది, గెలిచిన జట్టు చివర. 1936లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో ఇది మొదలైంది. ఓటమి మీద ఓటమి చూస్తున్న ఈగిల్స్ జట్టు యజమాని బర్ట్ బెల్‌ది ఈ ఆలోచన. మంచి ఆటగాళ్లందరినీ డబ్బున్న జట్లే ఎగరేసుకుపోతుంటే మా గతేమిటని ఆయన గోల. అంటే ఇది పుట్టిందే న్యాయం పేరుతో, జట్లకు న్యాయం. చివరిదాకా ఎవరూ కోరుకోకుండా మిగిలిన పిల్లాడి సంగతి ఎవరూ అడగలేదు. వీధి కబడ్డీలో అలా మిగిలినవాణ్ణి కాబట్టి నాకు అది తడుతుంది.

డ్రాఫ్ట్‌కు ముందు ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని ఒక పరీక్ష పెడతారు. ఎత్తు, బరువు, చేతుల పొడవు కొలుస్తారు. 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడో, 102 కిలోల బరువు ఎన్నిసార్లు ఎత్తాడో లెక్కపెడతారు. ఇంతవరకూ ఎంసెట్ లాంటిదే. మా మామగారికి నచ్చేది. ఆ తర్వాత ఒక్కో జట్టువాళ్లూ కుర్రాణ్ణి గదిలోకి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. అక్కణ్ణుంచి అది పెళ్లిచూపులే.

నేను వెటకారానికి అనడం లేదు. 2010లో డెజ్ బ్రయంట్ అనే ఆటగాణ్ణి ఒక జట్టు జనరల్ మేనేజర్ మీ అమ్మ ఒళ్లమ్ముకునేదా అని అడిగాడు. బయటపడ్డాక క్షమాపణ చెప్పుకున్నాడు. 2013లో నిక్ కాసా అనే కుర్రాడు తనకు ఎదురైన ప్రశ్నలు బయటపెట్టాడు. గర్ల్‌ఫ్రెండ్ ఉందా, పెళ్లయిందా, అసలు అమ్మాయిలంటే ఇష్టమేనా? 2016లో ఈలై యాపిల్‌ను ఒక సహాయ కోచ్ నేరుగానే నీకు మగవాళ్లంటే ఇష్టమా అన్నాడు. ఆ జట్టూ తర్వాత క్షమాపణ చెప్పింది. బంతి మోసుకొచ్చేవాణ్ణి కూల్చడానికీ ఈ జవాబులకూ సంబంధమేమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పెళ్లిచూపుల్లో మనవాళ్లు కాదనడానికి అసలు కారణం చెప్పరు. మా పిన్ని కూతురిని చూసి వెళ్లిన ఒక కుటుంబం వారం తర్వాత "జాతకాలు కుదర్లేదండీ" అని కబురు పంపింది. పిల్ల రంగు తక్కువని వాళ్లు అనుకున్న సంగతి మధ్యవర్తి నోటి నుంచి ఆరు నెలలకు జారింది. జాతకం మీద వాదన పెట్టుకోలేం కదా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జాతకానికి సమానమైన మాట ఒకటుంది. అది డిస్ట్రాక్షన్. ఈ కుర్రాడు వస్తే జట్టు ధ్యాస చెదురుతుందని అంటారు. ఎవరి ధ్యాస, ఎందుకు చెదురుతుందని అడిగే వీలుండదు.

తెర మీద ఏడ్చిన ఆ కుర్రాడు మైకేల్ శామ్. టెక్సస్‌లో హిచ్‌కాక్ అనే చిన్న ఊరివాడు. ఎనిమిది మంది సంతానంలో ఏడోవాడు. తోబుట్టువుల్లో ముగ్గురు చనిపోయారు, ఇద్దరు అన్నలు జైలు పాలయ్యారు, కొన్నాళ్లు కారే ఇల్లు. ఫుట్‌బాల్ పుణ్యాన మా మిస్సోరీ రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 2013 ఆగస్టులో, సీజన్ మొదలయ్యే ముందు, తాను గేనని తోటి ఆటగాళ్లకు చెప్పాడు. (నిఘంటువులోని స్వలింగ సంపర్కుడు అనే మాట మనిషిని వదిలేసి ఒళ్లు దగ్గరే ఆగిపోతుంది. అందుకే నేను గే అనే రాస్తాను.) ఒక జట్టు నిండా ఉన్న కుర్రాళ్లకు ఆ సంగతి తెలుసు. ఒక్కడూ బయట పెదవి విప్పలేదు. ధ్యాస చెదిరిందా? ఆ ఏడాది జట్టు 14 ఆటల్లో 12 గెలిచింది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడగొట్టడాన్ని శాక్ అంటారు. శామ్ ఖాతాలో ఆ సీజన్‌లో పదకొండున్నర శాక్‌లు పడ్డాయి. దేశంలోకెల్లా గట్టిదని పేరున్న ఎస్‌ఈసీ అనే కాలేజీ జట్ల కాన్ఫరెన్స్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి గౌరవాన్ని అలబామాకు చెందిన సి.జె. మోస్లీతో పంచుకున్నాడు.

2014 ఫిబ్రవరి 9 రాత్రి టీవీలో, పత్రికలో దేశమంతటికీ చెప్పాడు. మర్నాటికల్లా ఒక పెద్ద క్రీడా సంస్థ అంచనాల జాబితాలో ఆయన పేరు 90వ స్థానం నుంచి 160కి జారింది. ఆ ఆదివారానికీ సోమవారానికీ మధ్య ఆయన పరుగు తీయలేదు, బరువెత్తలేదు. కంబైన్ అసలింకా జరగలేదు. ఒక వారపత్రికలో పేరు చెప్పని జట్ల అధికారులు ఇది ఇంకా మగాళ్ల ఆటేననీ, లీగు ఇంకా సిద్ధంగా లేదనీ చెప్పుకొచ్చారు. పేరు చెప్పనివాళ్ల మాట జాతకం కంటే గట్టిది.

అదే వారం ద్వేషం పంచడమే పనిగా పెట్టుకున్న ఒక చర్చివాళ్లు ప్లకార్డులతో కాలేజీ ఊరు కొలంబియాకు వచ్చారు. విద్యార్థులు వందల మంది చలిలో చేయీ చేయీ పట్టుకుని రోడ్డు పొడవునా గోడ కట్టారు. మా ఆఫీసులో ఒకాయన కూతురు ఆ గోడలో ఉంది. ఇంటికి వచ్చాక కాళ్లు స్వాధీనంలోకి రావడానికి గంట పట్టిందని ఆయన గొప్పగా చెప్పుకున్నాడు.

ఇలా గోడ కట్టిన కూతురి తండ్రే నాతో గట్టిగా వాదించాడు కూడా. "నీకు ఆట తెలీదు. కంబైన్‌లో 40 గజాలకు 4.91 సెకన్లు తీసుకున్నాడు, బరువు 17 సార్లే ఎత్తాడు. ఆ పదకొండున్నరలో తొమ్మిది శాక్‌లు మూడు ఆటల్లోనే వచ్చాయి. లైన్‌లో ఆడటానికి ఒళ్లు చాలదు, వెనక ఆడటానికి వేగం చాలదు. గే కాకపోయినా మొదటి రౌండ్‌లో ఎవడూ తీసుకోడు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నేను ఒప్పుకున్నాను. కానీ ఇదే చిక్కు. మోస్లీ మొదటి రౌండ్‌లో 17వ పేరుగా వెళ్లాడు. శామ్ చివరిదైన ఏడో రౌండ్‌లో, 256 పేర్లలో 249వ పేరు. 17కీ 249కీ మధ్య దూరంలో ఎంత భాగం నెమ్మది పరుగుది, ఎంత భాగం ఫిబ్రవరి 9ది? త్రాసులో ముందే రాయి పెట్టాక బియ్యం తూకం ఎంతని అడిగినట్టు ఉంటుంది. నెమ్మదిగా పరిగెత్తాడన్నది నిజమే కాబట్టే జాతకంగా అంత బాగా పనికొచ్చింది.

అసలు కారణం చెప్పకుండా కాదనే ఈ విద్య ఈ ఆటకు పాతదే. 1934 నుంచి 1945 దాకా ఈ లీగులో ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. వద్దని ఎక్కడా రాసి లేదు. జట్ల యజమానుల్లో ఎవరూ పైకి ఒప్పుకోలేదు కూడా. 1939లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ తరఫున కెనీ వాషింగ్టన్ ఆడిన ఆట దేశమంతా చూసింది. 1940 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఆయన పేరు పలకలేదు. ఆరేళ్ల తర్వాత రామ్స్ జట్టు క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు మారింది. అక్కడి కొలీజియం స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టింది. నల్లవాళ్లను తీసుకోని జట్టుకు అందులో చోటెలా ఇస్తారని నల్లజాతి పత్రికా రచయితలు నిలదీశారు. అప్పుడు తీసుకున్నారు కెనీని. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు, మోకాళ్లు పాడయ్యాయి. మూడు సీజన్లు ఆడాడు. ఆ రామ్స్ జట్టే 1995లో మా సెయింట్ లూయిస్‌కు వచ్చింది. 2014 మే 10న శామ్‌కు ఫోను చేసిందీ ఆ జట్టే.

గేలు ఈ ఆటలో ఎప్పుడూ ఉన్నారు. డేవిడ్ కోపే 1972 దాకా ఆడి, 1975లో గానీ నోరు విప్పలేదు. వాషింగ్టన్ జట్టులో జెరీ స్మిత్ తన స్థానంలో 60 టచ్‌డౌన్లు (ఈ ఆటలో గోల్ లాంటివి) చేసి నెలకొల్పిన రికార్డు 2003 దాకా నిలిచింది. తాను గేనని ఆయన లోకానికి చెప్పకుండానే 1986లో ఎయిడ్స్‌తో పోయాడు. వీళ్లందరినీ తూచింది ఆటతోనే, ఎందుకంటే తూచేవాళ్లకు తెలియదు. తెలిశాక తూచాల్సి వచ్చిన మొదటివాడు శామ్.

ఆ ఆగస్టులో ఎర్త్ సిటీలో రామ్స్ సాధన చూడ్డానికి నేనూ వెళ్లాను. వీపు మీద 96 అంకె. చెమటకు జెర్సీ ఒంటికి అతుక్కుపోయింది. కోచ్ ఈల వేసిన ప్రతిసారీ నేలమీది నుంచి లేచి మళ్లీ అదే గీత దగ్గర వంగుతున్నాడు. కెమెరాలు మాత్రం బోలెడు. ప్రాక్టీస్ ఆటల్లో మూడు శాక్‌లు చేశాడు. అయితే ఆ లైన్‌లో అప్పటికే రాబర్ట్ క్విన్, క్రిస్ లాంగ్, కొత్తగా వచ్చిన ఆరన్ డోనల్డ్ ఉన్నారు. ఆగస్టు 30న తీసేశారు. రామ్స్ ఆయనకు అన్యాయం చేసిందని నేను అనలేను. ఆ లైన్‌లో చోటు దొరకడం ఎవరికైనా కష్టమే. తర్వాత డాలస్ జట్టు సాధన బృందంలో ఏడు వారాలు ఉన్నాడు. 2015లో కెనడా లీగులో ఒకే ఒక్క ఆట. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లెక్కకొచ్చే ఆట ఒక్కటీ ఆడలేదు.

అప్పటి మిస్సోరీ రాష్ట్ర చట్టంలో గే అని ఒకణ్ణి ఉద్యోగం నుంచి తీసేస్తే అడ్డు చెప్పే మాట లేదు. దేశం మొత్తానికీ ఆ రక్షణ 2020 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో గానీ రాలేదు. మనమేమీ తీసిపోలేదు లెండి. శామ్ నోరు విప్పడానికి రెండు నెలల ముందు, 2013 డిసెంబర్ 11న, మన సుప్రీంకోర్టు గే సంబంధాలను నేరంగా చూసే సెక్షన్ 377కు మళ్లీ ప్రాణం పోసింది. 2018లో ఆ భాగాన్ని కొట్టేసింది. మరుసటి ఏడు, హైదరాబాద్‌లో సాధన చేసి ఎదిగిన ఒడిశా పరుగుల అమ్మాయి ద్యుతీ చంద్, తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని దేశానికి చెప్పింది.  

2022లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు హెచ్చరిక పంపింది. డ్రాఫ్ట్ ముందు ఇంటర్వ్యూలో కాసాకు ఎదురైనలాంటి ప్రశ్నలు వేస్తే కనీసం లక్షన్నర డాలర్ల జరిమానా, పైగా మొదటి నాలుగు రౌండ్లలో ఒక ఎంపిక పోతుంది. ప్రశ్నకు జరిమానా వేయగలరు. గది తలుపు వేసుకున్నాక జాబితాలో ఒక పేరును కిందికి జరిపే చేతికి ఎలా వేస్తారు?

అందుకే నాకు కార్ల్ నాసిబ్ కథ పదేపదే గుర్తొస్తుంది. పెన్ స్టేట్‌లో స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చేరినవాడు. 2015లో దేశంలో అందరికంటే ఎక్కువ శాక్‌లు చేసి, శామ్ లాగే తన కాన్ఫరెన్స్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు, కాబట్టి శామ్‌తో పోలిక సమంగా తూగదు. లీగులో ఐదేళ్లు ఆడి, లాస్ వేగస్ జట్టుతో మంచి ఒప్పందం చేతిలో ఉన్నప్పుడు, 2021 జూన్ 21న తాను గేనని చెప్పాడు. ఆ సెప్టెంబర్ 13 రాత్రి బాల్టిమోర్‌తో ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. నాసిబ్ దూసుకెళ్లి లామార్ జాక్సన్ చేతిలోంచి బంతి ఊడగొట్టాడు. వేగస్ గెలిచింది.

మామగారు అడిగిన ర్యాంకు నాసిబ్‌కూ ఉంది. 2016 డ్రాఫ్ట్‌లో 65. అప్పటికి ఆయన లోకానికి చెప్పలేదు.