పెనుకొండ సీమకు రేడియో రాక

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము – ఈ మూడు పట్టణములును ఒకే రైలుమార్గమున నున్నవి. బెల్లము, చింతపండు వర్తకమునకు హిందూపురము, విజయనగర రాజుల కోటకు పెనుకొండ, పట్టుచీరలకు ధర్మవరము పేరుగాంచినవి. మైసూరు సీమను ఆనుకొనియున్న యీ ప్రాంతమున తెలుగు, కన్నడము ఒకే అంగడిలో వినవచ్చును. ఇచటికి రేడియో వచ్చిన తీరు తెలియవలెనన్నచో ప్రసారకేంద్రముల చరిత్రతోపాటు, తరంగములు ఆకాశమున నడచు తీరును గూడ తెలిసికొనవలెను.

మైక్రోఫోను మాటను విద్యుత్ స్పందనలుగా మార్చును. ఆ స్పందనలు సెకనుకు లక్షలసార్లు ఊగెడి వాహకతరంగము నెక్కి, ప్రసారస్తంభమునుండి నలుదిక్కులకు పోవును. వాని వేగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. మన యింటి ఏరియలు అన్ని కేంద్రముల తరంగములను పట్టును. మనము త్రిప్పెడి మీట వానిలో నొక్కదానిని ఏరును. తక్కిన యంత్రము వాహకమునుండి మాటను విడదీసి లౌడుస్పీకరున కందించును.

మీడియం వేవ్ తరంగము పగటివేళ నేల నంటి పోవుచు, దూరము పెరిగినకొలది క్షీణించును. పైకెగసిన భాగమును, ఎండవలన ఆకాశమున నేర్పడిన యొక పొర మ్రింగివేయును. ప్రొద్దు గ్రుంకిన పిదప ఆ పొర సడలిపోవును. అంతకు పైనున్న పొరలు తరంగమును అద్దమువలె క్రిందికి మరలించును. ఆకాశమున ఇట్టి పొర కలదని ఆపిల్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1924లో ప్రయోగపూర్వకముగా నిరూపించెను. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపింపబడినదియు ఆ యేడే.

క్లబ్బు మూతపడగా, 1930లో మద్రాసు నగర కార్పొరేషను ప్రసారములు సాగించెను. 1935లో మైసూరున ఆచార్య గోపాలస్వామి స్వంత పూనికతో ఒక కేంద్రమును నెలకొల్పి, దానికి ‘ఆకాశవాణి’ అని పేరిడెను. 1938 జూన్ 16న మద్రాసున ఆలిండియా రేడియో కేంద్రము వెలసినది. అచటినుండి తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములును వెలువడెను. అనంతపురము జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిదే. కాని హిందూపురమునకు మద్రాసు 300 కిలోమీటర్లకు పైబడిన దూరము. పగలు మీడియం వేవున ఆ కేంద్రపు ధ్వని బలహీనము. రాత్రి అందినను, అల వచ్చి పోయినట్లు ఒకప్పుడు బిగ్గరగను, ఒకప్పుడు సన్నగను వినవచ్చును.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైనది. అది మరింత దూరము. 1955లో బెంగుళూరు కేంద్రము వెలసినది; హిందూపురమునుండి అది సుమారు 100 కిలోమీటర్లే. దీనివలన ఒక విచిత్రస్థితి యేర్పడినది. దగ్గరనుండి స్పష్టముగా వచ్చునది కన్నడము; తన తెలుగు వినుటకు మాత్రము ఈ సీమవాడు రాత్రివేళ ఆకాశపు దయకై వేచియుండవలెను.

ఇది వినోదమునకు సంబంధించిన చిక్కు మాత్రమే కాదు. పంచాయతీ రేడియో ముందు కూర్చున్న రైతునకు కావలసినది వాన సూచన, విత్తనముల సంగతి, బజారు ధర. గరగర ధ్వనిలో ధర చెప్పు ఒక్క మాట మునిగిపోయిన, తక్కిన ప్రసారమంతయు విన్నను ఫలమేమి? మగ్గమున కూర్చున్న నేతగాని కన్నులు, చేతులు, కాళ్లు పనిలో నుండును. తీరికగా నున్నది చెవి యొక్కటే. పత్రిక చదువ వీలుపడని యట్టివానికి లోకవార్త చెవిద్వారముననే రావలెను. అదియు తన భాషలో రావలెను.

1963లో కడప కేంద్రము ప్రారంభమగుటతో రాయలసీమ గడ్డమీదినుండియే తెలుగు వాణి వెలువడెను. 1991లో అనంతపురమున ఎఫ్.ఎం. కేంద్రము వచ్చినది. ఎఫ్.ఎం. ధ్వని నిర్మలము, కాని ఆ తరంగము ఇంచుమించు చూపువలె తిన్నగా పోవును గాన, కొండల చాటున బలహీనపడును. పెనుకొండవంటి గిరుల సీమలో ధర్మవరమున కందినంత సులభముగా హిందూపురమున కందదు.

నేడు చేతిలోని ఫోనులో దూరకేంద్రములు సైతము పలుకుచున్నవి. రాత్రికై వేచియుండ బనిలేదు. అయినను ఈ చరిత్ర బోధించు విషయము పాతబడలేదు. తరంగమునకు సరిహద్దులు లేవు. కాని ప్రసారస్తంభమును ఎచట నాటవలెనో నిర్ణయించునది మనుష్యుడే. ఆ నిర్ణయమునుబట్టియే ఏ యూరివాడు తన భాషను పట్టపగలు వినగలడో తేలినది.