హెచ్‌పీవీ టీకా: నికాహ్‌కి ఇంకా ఏళ్లుండగా ఇప్పుడెందుకు?

చాలా ఇళ్లలో అమ్మీ, అబ్బా అడిగే మొదటి ప్రశ్న ఇదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతి కేసులోనూ హెచ్‌పీవీ వైరస్సే కారణం. అది సోకకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది. అందుకే 9-14 ఏళ్ల వయసు. పెళ్లయ్యాక భర్త నుంచీ సోకవచ్చు కాబట్టి, టీకా వేయించడమంటే బిడ్డ నడవడిని అనుమానించడం కాదు.

ఇందులో బతికున్న వైరస్ ఉండదు. పిల్లలు పుట్టరన్నది వట్టి పుకారే. మలేషియా 2010లోనే బడి అమ్మాయిలకు వేయడం మొదలుపెట్టింది.

మన దగ్గర ఖమ్మం భయం ఇంకా ఉంది. 2009లో అక్కడ వేసిన టీకాలను బాలికల మరణాల తర్వాత 2010లో ఆపేశారు. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు, కానీ తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదని బయటపడింది. కాబట్టి సంతకానికి ముందు డాక్టర్‌ని అన్నీ అడగండి: ఏ కంపెనీది, ఎన్ని డోసులు, బిడ్డకున్న అలర్జీలతో ఇబ్బందేమైనా ఉందా అని.