శాస్త్రమూ శాఖా: విశ్వవిద్యాలయాల్లో తత్త్వశాస్త్ర బోధన చరిత్ర

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో విశ్వవిద్యాలయాలు వెలసినప్పుడు వాటికి సొంత తరగతి గదులు లేవు. అనుబంధ కళాశాలల్లో చదివిన విద్యార్థులకు పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే వాటి ప్రధాన విధిగా ఉండేది. కనుక నేడు తత్త్వశాస్త్ర శాఖ అనగానే స్ఫురించే ఆచార్య పీఠం, పరిశోధక విద్యార్థులు, గ్రంథ ప్రచురణ వంటివేవీ ఆనాడు లేవు. కళాశాలల్లో ఆ విషయాన్ని మానసిక, నైతిక శాస్త్రం అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు పేరుతో పిలిచేవారు. ఆ పేరు కింద తర్కం, మనోవిజ్ఞానం, నీతిశాస్త్రం, పాశ్చాత్య తత్త్వశాస్త్ర చరిత్ర కలగలిసి ఉండేవి. ఈ కలగలుపులోనుంచి ఒక్కొక్క విభాగం ఎలా విడివడిందో, ఒక్కొక్క విశ్వవిద్యాలయం ఏ రంగంలో ఎందుకు పేరు తెచ్చుకుందో పరిశీలిస్తే, ఆధునిక భారతదేశం తన ఆలోచనా సంపదను తిరిగి అందుకోవడానికి పడిన శ్రమ అంతా కళ్లకు కడుతుంది.

తత్త్వశాస్త్రంలోని విభాగాలను స్థూలంగా ఇలా చెప్పుకోవచ్చు. ఉన్నది ఏమిటి, దాని స్వరూపం ఎలాంటిది అని విచారించేది తత్త్వమీమాంస. తెలుసుకోవడం అంటే ఏమిటి, తెలిసినదానికి ప్రమాణమేమిటి అని అడిగేది జ్ఞానమీమాంస. దీన్నే మన శాస్త్రకారులు ప్రమాణ విచారం అన్నారు. ఒక మాటనుంచి మరొక మాట న్యాయంగా ఎలా వస్తుందో నిర్ణయించేది తర్కం. ఏది చేయదగినది, ఏది చేయరానిది అని తేల్చేది నీతిశాస్త్రం. అందం అనుభవంలోకి వచ్చే తీరును పరిశీలించేది సౌందర్యశాస్త్రం. ఈ ప్రశ్నలన్నిటిమీదా న్యాయ, మీమాంస, వేదాంత, బౌద్ధ, జైన గ్రంథాలలో వందల ఏళ్లుగా వాదోపవాదాలు సాగుతూ వచ్చినా, పంతొమ్మిదో శతాబ్దపు కళాశాలలో వాటికి చోటు దాదాపు లేదు. శాస్త్రం పాఠశాలల్లో, పండితుల ఇళ్లలో, సంస్కృత కళాశాలల్లో ఉండిపోయింది. ‘ఫిలాసఫీ’ ఇంగ్లీషు తరగతిలో కూర్చుంది. ఒకే ప్రశ్నను విచారించే ఇద్దరు ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకరి మాట ఒకరు వినని స్థితి అది.

ఆ ఇద్దరి మధ్య ఉన్న ఈ గోడకు మొదటి బీటలు వేసినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకరు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పాశ్చాత్య చింతననే పాఠ్యంగా చదువుకున్న ఆయన, వేదాంతంలో నీతికి తావు లేదన్న విమర్శ మనసును కలచగా, వేదాంత నీతినీ దాని తాత్త్విక పునాదులనూ విషయంగా తీసుకుని ఎం.ఏ. పట్టా కోసం సిద్ధాంత వ్యాసం రాశారు. అది 1908లో అచ్చయింది. మతప్రచార సంస్థ నడిపే కళాశాలలో, పాశ్చాత్య పరిభాషలో శిక్షణ పొందిన యువకుడు దేశీయ దర్శనాన్ని పరిశోధనాంశంగా ఎంచుకోవడం ఆనాటికి అరుదైన విషయం.

బోధనా విశ్వవిద్యాలయంగా మారే పనిలో కలకత్తా ముందడుగు వేసింది. అశుతోష్ ముఖర్జీ చొరవతో అక్కడ స్నాతకోత్తర బోధన నేరుగా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఐదవ జార్జి చక్రవర్తి పేర నెలకొల్పిన తత్త్వశాస్త్ర పీఠాన్ని మొదట బ్రజేంద్రనాథ్ సీల్, తరువాత 1921లో రాధాకృష్ణన్ అలంకరించారు. ఆ పీఠంలో ఉండగానే భారతీయ దర్శనాల చరిత్రను రాధాకృష్ణన్ రెండు సంపుటాలుగా 1923లోనూ 1927లోనూ వెలువరించారు. ఆ పుస్తకాలతో భారతీయ దర్శనం ఇంగ్లీషు తరగతిలో చెప్పదగిన పాఠ్యవిషయంగా స్థిరపడింది. అదే కలకత్తాలో 1916లో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యాన ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. మనసును గురించిన విచారం కొలతలతో, పరికరాలతో ప్రయోగశాలకు తరలిపోయి తల్లిశాఖనుంచి వేరుపడటం అక్కడ మొదలైంది. 1925లో ఆ నగరంలోనే రవీంద్రనాథ్ ఠాకూర్ అధ్యక్షతన భారతీయ తత్త్వశాస్త్ర మహాసభ తొలి సమావేశం జరగడంతో, దేశంలో చెదురుమదురుగా ఉన్న అధ్యాపకులకు ఏటా కలుసుకునే వేదిక దొరికింది.

మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర శాఖ 1927లో ఏర్పడింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన ఎస్.ఎస్. సూర్యనారాయణశాస్త్రి దానికి సారథ్యం వహించి, ఒక పద్ధతిని నెలకొల్పారు. సంస్కృత మూలాన్ని పరిష్కరించడం, దాన్ని ఇంగ్లీషులోకి తేవడం, ఆపైనే విమర్శకు పూనుకోవడం అన్నవి ఆ పద్ధతిలోని మూడు మెట్లు. కున్హన్ రాజాతో కలిసి ఆయన చేసిన భామతీ చతుస్సూత్రి అనువాదం 1933లో వచ్చింది. అప్పయ్యదీక్షితుల సిద్ధాంతలేశసంగ్రహానికి ఆయన అనువాదం 1935లో విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. అద్వైతంలో ఎన్ని ఉపసంప్రదాయాలున్నాయో, జీవుడి స్వరూపం విషయంలోనూ అవిద్యకు ఆశ్రయం విషయంలోనూ వాటి మధ్య భేదాలేమిటో ఆ గ్రంథం విడమరచి చూపుతుంది. అలాంటి గ్రంథాన్ని విద్యార్థి చేతిలో పెట్టడమంటే, వేదాంతం ఒకే మూసలో పోసిన మతం కాదనీ, లోపల నిరంతరం వాదం నడిచే శాస్త్రమనీ చెప్పడమే. ఆయన శిష్యుడు టి.ఎం.పి. మహదేవన్ భారతీతీర్థ విద్యారణ్యుల రచనలు ప్రధానాధారంగా రాసిన అద్వైత పరిశీలన 1938లో అచ్చయింది. గురుశిష్యుల వరుసలో ఒకే రంగాన్ని పట్టుకుని తవ్వుకుంటూ పోవడం వల్ల అద్వైతం అనగానే మద్రాసు గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది.

సంస్కృత శాస్త్రానికీ ఇంగ్లీషు బోధనకూ కుదిరిన ఈ కలయిక తరగతి గదిలో ఎలా పనిచేసిందో తెలియాలంటే ఒక చిన్న పుస్తకాన్ని దగ్గరగా చూడాలి. పదిహేడో శతాబ్దికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, న్యాయ వైశేషిక శాస్త్రాలకు ప్రవేశిక. బాలురకు సులువుగా బోధపడాలన్నదే తన ఉద్దేశమని గ్రంథకర్త చెప్పుకున్న ఈ పుస్తకం, 1897లో అఠల్యే, బోడసుల ఇంగ్లీషు వివరణలతో బొంబాయిలో అచ్చయి కళాశాల పాఠ్యగ్రంథమైంది. 1932లో మద్రాసులో కుప్పుస్వామిశాస్త్రి దీన్ని ఆధారంగా చేసుకుని భారతీయ తర్కానికి ఇంగ్లీషులో ఒక ప్రథమ పాఠం రాశారు.

అందులోని ప్రసిద్ధమైన ఉదాహరణ కొండ, పొగ, నిప్పు. కొండమీద పొగ చూసి నిప్పు ఉందని ఊహించినవాడు తనకోసమే అయితే మాటలు అక్కర్లేదు. ఎదుటివాడిని ఒప్పించాలంటే మాత్రం ఐదు వాక్యాలు కావాలంటుంది న్యాయశాస్త్రం. కొండ నిప్పు కలది అనేది ప్రతిజ్ఞ. పొగ ఉంది గనక అనేది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటయింట్లో చూసినట్టు అనేది ఉదాహరణం. ఈ కొండా అలాంటి పొగ కలదే అనేది ఉపనయం. కాబట్టి కొండ నిప్పు కలది అనేది నిగమనం. అరిస్టాటిల్ సంప్రదాయంలో మూడు వాక్యాలతోనే పని ముగుస్తుంది. అందులో వాక్యాల ఆకృతి సరిగా ఉందా లేదా అన్నదే కీలకం. న్యాయంలో వంటయిల్లు తప్పనిసరి. పొగకూ నిప్పుకూ ఉన్న విడరాని సంబంధాన్ని, అంటే వ్యాప్తిని, ఇద్దరు వాదులకూ తెలిసిన ఒక చోట చూపించి తీరాలి. నిప్పు లేని చోట పొగ కూడా ఉండదని చూపడానికి నీటి మడుగు పనికివస్తుంది. ఈ రెండు పద్ధతులనూ ఒకే బల్లమీద పెట్టి చదివిన విద్యార్థికి, ఆకృతికీ అనుభవానికీ తర్కంలో ఉన్న పాలు ఎంతెంతో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

హైదరాబాదులో ఈ కథ మరొక భాషలో నడిచింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. పాఠ్యగ్రంథాల కోసం అంతకుముందే దారుల్ తర్జుమా పేరుతో అనువాద సంస్థ ఏర్పడింది. ఉమ్రావ్ జాన్ అదా నవలా రచయిత మీర్జా హాదీ రుస్వా ఆ సంస్థలో పనిచేస్తూ తాత్త్విక గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. అనువాదకులకు ఒక గొప్ప సౌకర్యం ఉండేది. అరబ్బీ పారశీక సంప్రదాయం తర్కానికి మంతిక్, తత్త్వశాస్త్రానికి ఫల్సఫా, నీతిశాస్త్రానికి అఖ్లాఖ్ వంటి మాటలను ఎప్పుడో స్థిరపరచి ఉంచింది కనుక, కొత్త విషయాన్ని పాత మాటల్లో పోయగలిగారు. హైడెల్‌బర్గ్‌లో రూమీ తత్త్వంపై పరిశోధన చేసిన ఖలీఫా అబ్దుల్ హకీం, సూఫీ చింతనపై రచనలు చేసిన మీర్ వలీఉద్దీన్ వంటివారి వల్ల ఇస్లామీయ దర్శనం, సూఫీ తత్త్వం ఉస్మానియా శాఖకు బలమైన రంగాలయ్యాయి. దేశీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని ఉస్మానియా నిరూపించింది. అయితే హైదరాబాదు సంస్థానంలో అన్నిటికంటె ఎక్కువమంది ఇంటి భాష తెలుగు గనక, ఆ ప్రయోగ ఫలం వారికి అరువు భాషలోనే అందింది. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మళ్లడంతో ఆ అరువు మరొక రూపం దాల్చింది.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్నారు. ఆయన దేశం నలుమూలలనుంచి ప్రతిభావంతులను, విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరుకు రప్పించారు. తరువాతి కాలంలో కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్ అక్కడ కొంతకాలం తత్త్వశాస్త్రం బోధించారు. అక్కడే అధ్యాపకుడిగా పనిచేసిన పి.టి. రాజు, హెగెల్ సిద్ధాంతాన్నీ అద్వైతాన్నీ పక్కపక్కన నిలిపి 1937లో గ్రంథం రాశారు. అనంతరం ఆయన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, వూస్టర్ కళాశాలలో ఆచార్యులై తులనాత్మక తత్త్వశాస్త్రాన్ని, అంటే భిన్న దేశాల దర్శనాలను ఒకే ప్రశ్న దృష్టితో సరిచూసే పద్ధతిని, అక్కడి విద్యార్థులకు నేర్పారు. అదే రాష్ట్రంలోని టొలీడో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మరో తెలుగువాడు పులిగండ్ల రామకృష్ణ భారతీయ దర్శన మూలసూత్రాలపై 1975లో వెలువరించిన పుస్తకం కూడా ఈ కోవకు చెందినదే.

వాల్తేరు శాఖకు దీర్ఘకాలం ముఖ్యుడిగా నిలిచినవారు కొత్త సచ్చిదానందమూర్తి. 1924లో గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో జన్మించిన ఆయన, అద్వైతంలో శ్రుతికీ యుక్తికీ గల సంబంధంపై రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1959లో ప్రచురించాయి. వేదవాక్యం చెప్పింది గనక నమ్మాలా, బుద్ధికి పొసగింది గనక ఒప్పుకోవాలా అన్న ప్రశ్నను ఆయన శాస్త్ర గౌరవంతోనే అయినా నిష్పాక్షికంగా శోధించారు. వేదాంతాన్ని విమర్శకు నిలబెట్టి చదివే ఈ ధోరణి వాల్తేరుకు ప్రత్యేకతను తెచ్చింది. దేశంలో తత్త్వశాస్త్ర సంప్రదాయాలు, బోధన, పరిశోధనల తీరుతెన్నులను సమీక్షిస్తూ ఆయన 1985లో ప్రకటించిన గ్రంథం ఈ చరిత్రను తెలుసుకోదలచినవారికి నేటికీ ఆధారం. ఆయన శిష్యుడు కోనేరు రామకృష్ణారావు తత్త్వశాస్త్రంనుంచి బయలుదేరి, అతీంద్రియానుభవాలను శాస్త్రీయంగా పరీక్షించే పరామనోవిజ్ఞానం వైపు మళ్లి, 1960ల చివర వాల్తేరులో దానికి ప్రత్యేక శాఖను నిర్మించారు.

స్వాతంత్ర్యానంతరం విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ ప్రత్యేకతలను గుర్తించి పోషించే ప్రయత్నం చేసింది. 1960లలో మద్రాసు, బనారసు, విశ్వభారతి శాఖలను ఉన్నత పరిశోధన కేంద్రాలుగా ఎంపిక చేసింది. బనారసులో టి.ఆర్.వి. మూర్తి 1955లో వెలువరించిన మాధ్యమిక బౌద్ధ పరిశీలన అప్పటికే ఖ్యాతి పొందింది. ఆ దర్శనానికి మూలపురుషుడు నాగార్జునుడు. సంప్రదాయం ఆయనను కృష్ణాతీరంతో ముడిపెడుతుంది. గుంటూరు సమీపాన ఆయన పేరుతో వెలసిన విశ్వవిద్యాలయం మహాయాన బౌద్ధాధ్యయనానికి ఒక కేంద్రాన్ని ఏర్పరచడం ఆ అనుబంధానికి తగిన గౌరవం. 1974లో స్థాపితమైన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భాషా విశ్లేషణ, విజ్ఞానశాస్త్ర తత్త్వం వంటి ఆధునిక రంగాలు చోటు సంపాదించాయి.

పండితుడు, ఆచార్యుడు ముఖాముఖి కూర్చునే ప్రయత్నాల్లో 1983 నాటి పుణే సంవాదం మరువరానిది. దయాకృష్ణ, ఎం.పి. రేగే ప్రభృతులు పూనుకుని, వాక్యార్థం గురించి బెర్ట్రాండ్ రస్సెల్ ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని సంస్కృతంలోకి మార్పించి పండితులకు అందించారు. కాశీనుంచి వచ్చిన బదరీనాథ శుక్ల వంటి నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, దాన్ని పూర్వపక్షంగా, అంటే జవాబు చెప్పవలసిన ఎదుటి వాదంగా స్వీకరించి, తమ పరిభాషలోనే జవాబు చెప్పారు. అంతవరకు పండితుడు సమాచారం ఇచ్చేవాడిగా, ఆచార్యుడు దాన్ని వ్యాఖ్యానించేవాడిగా సాగిన అలవాటు ఆ సభలో తారుమారైంది. వాదానికి పిలిస్తే శాస్త్రం నేటికీ బదులు పలుకుతుందని తేలింది.

ఈ చరిత్ర చెప్పే తీర్పు స్పష్టంగానే ఉంది. మూలగ్రంథాన్ని క్షుణ్ణంగా చదివే అలవాటు, ఎదుటి సంప్రదాయాన్ని సమానంగా చూసే మనసు, ఒక రంగాన్ని తరతరాలుగా పట్టుకుని ఉండే గురుశిష్య పరంపర కూడినచోట తత్త్వశాస్త్ర శాఖలు వెలిగాయి. ఆ మూడింట్లో ఏది సడలినా పాఠ్యప్రణాళిక మిగిలి పరిశోధన సన్నగిల్లింది. మద్రాసు సంస్కృతాన్నీ ఇంగ్లీషునూ కలిపింది, ఉస్మానియా ఉర్దూను ఉన్నత విద్యాభాషగా నిలబెట్టింది. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చే పనికి పూనుకున్నా, పరిశోధన స్థాయి చర్చ ఇంకా ఇంగ్లీషులోనే నడుస్తోంది. వ్యాప్తి, హేతువు, ప్రమాణం, పూర్వపక్షం వంటి మాటలు తెలుగుకు కొత్త కావు. పరిభాష లేదన్న సాకు చెల్లదు. అన్నంభట్టు బాలుర కోసం రాసిన పుస్తకాన్ని అరిస్టాటిల్ పక్కన పెట్టి తెలుగులో చదివి, తెలుగులో వాదించి, తెలుగులో సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థిని తయారుచేయడం తెలుగునాట ఉన్న తత్త్వశాస్త్ర శాఖల ముందున్న పని. ఆ పనికి విశ్వవిద్యాలయాలు పూనుకోవాలి.